ఆ సొట్ట పూడ్చకండి అయ్యగారూ



అక్టోబరు నుండి మా వరండాలో జరిగిన పని గురించి మీలో కొందరు అడుగుతున్నారు. సాయంత్రం పూట ఇంటికి వచ్చినవాళ్ళు చెక్కపొడి మధ్య కూర్చున్న నన్ను చూసి, "అయ్యగారూ, మళ్ళీ పాత పని మొదలుపెట్టారా?" అన్నారు. బైబిలు కళాశాలకు వెళ్ళకముందు రెండేళ్ళు విజయవాడలో ఒక ఫర్నిచర్ షాపులో పాలిష్ పని చేశానని పాతవాళ్ళకు తెలుసు. ఈసారి నా చేతికి వచ్చింది తలుపూ కాదు, మంచమూ కాదు. ఒక ఎలక్ట్రిక్ గిటారు. అది నాది కూడా కాదు. ఆ గిటారు సంగతి సగం మీకు తెలుసు. తెలియని సగం చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉంది.

2018లో మన యవ్వనస్థుల్లో ఒక తమ్ముడు నల్లటి ఎలక్ట్రిక్ గిటారు మందిరానికి తెచ్చాడు. అతని పేరు రాయను. చాలామందికి రాయకుండానే తెలుస్తుంది. అప్పటిదాకా మన దగ్గర హార్మోనియం, డోలక్, ఒక చిన్న కీబోర్డు ఉండేవి. గిటారు మీద పుర్రె బొమ్మల స్టిక్కర్లు రెండున్నాయి. అవి చూసినప్పుడే నా మనసు బిగుసుకుంది. దానికి తోడు స్పీకర్లలో గుయ్‌మని ఒక శబ్దం. పాట పాడుతున్నంతసేపూ అది పెద్దగా తెలిసేది కాదు. ప్రార్థనకు అందరం తల వంచగానే పెరిగేది.

రెండు వారాలు ఓర్చుకున్నాను. మూడో ఆదివారం ప్రార్థన మధ్యలో మళ్ళీ మొదలైతే కళ్ళు తెరిచి చూశాను. ఆ తమ్ముడు కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. శబ్దం ఆపాలనే ధ్యాసే అతనికి లేదనిపించింది. మైకులోనే అనేశాను: "దేవుని సన్నిధిలో భయం లేని వాయిద్యం మనకొద్దు. దాన్ని లోపల పెట్టి రా." అతను వైరు పీకి, గిటారును సామాను గదిలో పెట్టి, వెనక వరుసలో కూర్చున్నాడు. మరో రెండు ఆదివారాలు వచ్చాడు. తర్వాత హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందని వెళ్ళిపోయాడు. గిటారు తీసుకెళ్ళలేదు. నేనూ అడగలేదు.

అంతకు ముందు వారం అతను నా దగ్గరకు వచ్చి రెండు మాటలు చెప్పాడు. "అయ్యగారూ, వాల్యూమ్ సున్నాకి తిప్పినా ఆగట్లేదండి" అన్నది మొదటిది. "గిటారు పట్టుకుని పాడేటప్పుడు మైకుకి పెదవి తగిలితే చురుక్కుమంటోందండి" అన్నది రెండోది. రెండూ వంకలే అనుకున్నాను. "ముందు ప్రార్థనలో సిద్ధపడి రా నాన్నా, అన్నీ సర్దుకుంటాయి" అని పంపేశాను. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన మనలో ఎవరూ మరచిపోలేరు. మన మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు గట్లు తెంచుకుని వెళ్ళి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్ళను ముంచింది. మన మందిరానికి అంత నష్టం రాలేదు, దేవునికి స్తోత్రం. సామాను గది పైకప్పు మాత్రం కారింది. పాత కీర్తనల పుస్తకాలు, క్రిస్మస్ తోరణాలు, రెండు చాపలు తడిసిపోయాయి. వాటి వెనక గోడకు ఆనించి ఈ గిటారు ఉంది. సంచి అంతా బూజు. తీగలు ఎర్రగా తుప్పు పట్టి, ముట్టుకుంటే విరిగేలా ఉన్నాయి. నల్ల రంగు ఒక పక్క పొంగి పెళుసులా లేచింది.

దాన్ని చూడగానే నాకు కలిగింది జాలి కాదు, సిగ్గు. ఆరేళ్ళు నా గది పక్కనే ఉంది. ఒక్కసారి కూడా సంచి విప్పి చూడలేదు.

బాగు చేద్దామనుకున్నాను. తడిసిన చెక్కను ఎండలో పెడితే పగులుతుంది. అందుకే రెండు వారాలు నీడలో, గాలి తగిలే చోట ఉంచాను. తీగలన్నీ వదులు చేసి తీసేశాను. ఈ రకం గిటారుకు మెడ భాగం నాలుగు స్క్రూలతో ఒంటికి బిగించి ఉంటుంది. అవి విప్పితే మెడ వేరు, ఒళ్ళు వేరు అయిపోతాయి. 1954లో అమెరికాలో లియో ఫెండర్ కంపెనీ తెచ్చిన స్ట్రాటోక్యాస్టర్ అనే గిటారుకు ఇది నకలు. ఆ రూపాన్ని తర్వాత లోకమంతా అనుకరించింది. మన ఊళ్ళలో చవకగా దొరికేవాటిలో చాలా భాగం దాని పోలికే. విప్పిన స్క్రూలు కలిసిపోకుండా ఇంట్లో పాత ఇడ్లీ ప్లేటు తీసుకుని, ఒక్కో గుంటలో ఒక్కో భాగానివి వేశాను. మీ అమ్మగారు ఆ ప్లేటు ఇంకా అడుగుతూనే ఉన్నారు. వైర్లు కదిలించే ముందు ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకున్నాను. ఎవరైనా ఇలాంటి పని చేస్తే ఇది మాత్రం మరువకండి.

లోపల ఏముంటుందో తెలియనివారి కోసం చెబుతాను. తీగల కింద మూడు పికప్‌లు ఉంటాయి. ఒక్కో దానిలో ఆరు చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, ఆ కదలికకు రాగి చుట్టలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. ఆ కరెంటే వైరులో వెళ్ళి స్పీకరులో పాట అవుతుంది. ఈ సూత్రాన్ని 1831లో కనుగొన్న మైకేల్ ఫారడే ఒక కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పని నేర్చుకుంటూ, బైండింగుకు వచ్చిన పుస్తకాలు చదివి శాస్త్రవేత్త అయ్యాడు. లండనులో ఒక చిన్న సంఘంలో పెద్దగా కూడా సేవ చేశాడు.

అయితే ఆ రాగి చుట్ట తీగ కదలికను మాత్రమే పట్టుకోదు. చుట్టూ గాలిలో ఉన్నదీ పట్టుకుంటుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ట్యూబ్‌లైటు చోకు, ఇన్వర్టరు, ఫ్యాను రెగ్యులేటరు అన్నీ ఆ ఊపును గాలిలోకి వదులుతాయి. ఒకే చుట్ట ఉన్న పికప్ దాన్ని గుయ్‌మని వినిపిస్తుంది. అందుకే 1955 ప్రాంతంలో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు రెండు చుట్టలను ఒకదానికొకటి ఎదురుగా కలిపి, బయటి రొద ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, తీగ శబ్దం మాత్రం మిగిలేలా చేశాడు.

ఇక్కడే నాకు మొదటి దెబ్బ తగిలింది. మన మైలవరంలోనే టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక సహోదరుడి దగ్గరకు గిటారు పట్టుకెళ్ళాను. అతను మీటరు పెట్టి చూసి, వాల్యూమ్ నాబ్ కింద ఒక కాలు దగ్గర టంకం పగిలి ఉండటం చూపించాడు. "దీనికి గ్రౌండ్ అందట్లేదండి. నాబ్ సున్నాకి తిప్పినా శబ్దం ఆగదు" అన్నాడు. ఆ తమ్ముడు చెప్పిన మొదటి మాట అదే.

"మరి పాడేటప్పుడు తక్కువగా ఉండి, ప్రార్థనప్పుడే ఎందుకు పెరిగేది?" అని అడిగాను. అతను నవ్వాడు. "తీగలన్నీ లోపల గ్రౌండ్‌కి కలిపి ఉంటాయండి. వాయించేవాడి చెయ్యి తీగల మీద ఉన్నంతసేపు రొద తగ్గుతుంది. మన ఒళ్ళు కూడా యాంటెనా లాంటిదే కదా. చెయ్యి తీసేస్తే పెరుగుతుంది."

అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. ప్రార్థనకు అతను చేతులు జోడించాడు. చేతులు జోడించాడు కాబట్టే శబ్దం పెరిగింది. భక్తి లేదని నేను మైకులో గద్దించినవాడు ఆ నిమిషంలో నాకన్నా భక్తిగా ప్రార్థిస్తున్నాడు. కళ్ళు తెరిచి చూస్తున్నది నేను.

రెండో దెబ్బ మందిరంలోనే తగిలింది. ఆ సహోదరుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి గిటారుకు వాడిన ఆంప్లిఫయరు తీయించాను. దాని ప్లగ్గుకు మూడో పిన్ను లేదు. పాత సాకెట్టులో పట్టడం లేదని ఎప్పుడో ఎవరో విరగ్గొట్టారు. అందువల్ల ఆంప్లిఫయరుకు ఎర్త్ లేదు. మైకు మిక్సరుకు మాత్రం వేరే బోర్డు నుండి ఎర్త్ ఉంది. గిటారు తీగ పట్టుకున్నవాడి చేయి ఆంప్లిఫయరు ఒంటికి కలిసి ఉంటుంది, పెదవి మైకుకు తగులుతుంది. మధ్యలో దారి అయ్యేది మనిషి శరీరం. ఆంప్లిఫయరులో ఏదైనా పాడై పూర్తి కరెంటు దాని ఒంటికి వస్తే అది చురుక్కుమనడంతో ఆగదు. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీ నగరంలో లెస్ హార్వే అనే గిటారిస్టు వేదిక మీద ఎర్త్ సరిగా లేని మైకును పట్టుకుని, వేలమంది ఎదుట కాకపోయినా తనను వినడానికి వచ్చిన జనం ఎదుటే చనిపోయాడు. ఆ తమ్ముడు నాకు చెప్పిన రెండో మాట ఇది. దానికి నేను ఇచ్చిన మందు, "ప్రార్థనలో సిద్ధపడి రా."

ప్రియులారా, ప్రార్థన గొప్పదే. కానీ ప్రాణాపాయం గురించి ఒక బిడ్డ చెబుతుంటే వినకుండా ఉండటానికి ప్రార్థన అనే మాటను అడ్డం పెట్టుకోవడం పాపం. నేను ఆ పని చేశాను. ప్రభువు అతణ్ణి కాచాడు. నా జాగ్రత్త వల్ల అతను బతకలేదు.

నవంబరులో మందిరం పక్కన కొత్త ఎర్త్ గుంట తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి పైపు దించాము. మైకులు, కీబోర్డు, ఆంప్లిఫయరు అన్నిటికీ ఒకే ఎర్త్ వచ్చేలా బోర్డు మార్పించాము. కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకరు పెట్టించాము. మొన్న కానుకల లెక్కలో "కరెంటు పని" అని చూసి కొందరు అడిగారు కదా, అది ఇదే.

ఇక గిటారు రంగు సంగతి. ఆ నల్ల రంగు పెయింట్ రిమూవర్‌కు లొంగలేదు. ఈ రోజుల్లో గిటార్లకు వేసే పూత చాలా వాటికి గట్టి ప్లాస్టిక్ లాగా ఉంటుంది. కార్లకు స్టిక్కర్లు వేసే తమ్ముడి దగ్గర హీట్ గన్ అడిగి తెచ్చి, వేడి చేస్తూ లప్పం పట్టీతో మెల్లగా లేపాను. ఒకేచోట ఎక్కువసేపు పెడితే చెక్క మాడుతుంది. ఒకచోట మాడింది కూడా. ఆ పొగ, ఆ పొడి మంచివి కావు. ముక్కుకు మాస్కు కట్టుకుని, పిల్లల్ని అటు రానివ్వకుండా ఆరుబయట చేశాను. తర్వాత 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 120, 180, 240, చివరికి 320 వరకు చెక్క గీత వెంబడే రుద్దాను. అడ్డంగా రుద్దితే పాలిష్ పడ్డాక ప్రతి గీతా బయటపడుతుంది. మూడు ముక్కలు అతికించిన మామూలు చెక్క అది. నూజివీడు వీణ పనస చెక్క లాంటి అందం దానికి లేదు. అయినా నల్ల పూత కింద ఇన్నేళ్ళు దాగిన ఆ పసుపుపచ్చని చెక్క చూస్తే సంతోషం కలిగింది.

కింది అంచున ఒక సొట్ట ఉంది. బొటనవేలు పట్టేంత. ఎక్కడో గట్టిగా కొట్టుకున్నట్టుంది. నాలోని పాత పాలిష్ పనివాడికి సొట్ట కనిపిస్తే నిద్ర పట్టదు. కొండపల్లిలో బొమ్మలు చేసే ఒక పెద్దాయన నాకు తెలుసు. ఆయన దగ్గరకు వెళ్ళాను. తెల్లపొణికి చెక్కతో చేసే ఆ బొమ్మలకు చేతులు, కాళ్ళు అతికించడానికి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు తయారు చేస్తారు. ఎండితే అది చెక్కలో చెక్కలా కలిసిపోతుంది. ఆయన కొబ్బరి చిప్పలో కాస్త పెట్టి ఇచ్చారు. గిటారు నుంచి రాలిన పొట్టునే అందులో కలిపి సొట్టలో నింపి, ఆరాక రుద్దాను. అక్కడ దెబ్బ ఉండేదని ఎవరూ పోల్చుకోలేరు. నా పనికి నేనే మురిసిపోయాను.

పైపూతకు లక్క వేద్దామనుకున్నాను. ఏటికొప్పాక బొమ్మలకు ఆ నిగనిగ ఇచ్చేది లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే జిగురు అది. ఆ జిగురును శుభ్రం చేసి పలుచని రేకుల్లా అమ్ముతారు. స్పిరిట్‌లో నానబెట్టి, దూదిని పాత పంచె గుడ్డలో మూటకట్టి, పలచగా పూత మీద పూత వేయాలి. షాపులో దాన్ని ఫ్రెంచ్ పాలిష్ అనేవాళ్ళం. తొందరపడి ఒక ముసురు రోజు మొదలుపెట్టాను. గాలిలో చెమ్మ ఉంటే లక్క పూత తెల్లబడుతుంది. నేర్చుకున్న మొదటి నెలలోనే మేస్త్రి చెప్పిన పాఠం. అయినా మరచిపోయాను. పొద్దున చూస్తే గిటారంతా పొగమంచు పట్టినట్టు తెల్లగా ఉంది.

ఆ తెల్లబడ్డ గిటారు ముందు కూర్చుని ఉంటే మీ అమ్మగారు టీ తెచ్చిచ్చి ఒక ప్రశ్న అడిగారు. "ఇంతకీ అది ఎవరిదండీ? వాళ్ళని అడిగే చేస్తున్నారా?"

అడగలేదు. బాగుచేసి ఇచ్చి ఆశ్చర్యపరుద్దామనుకున్నానని చెప్పాను. నిజం అది కాదు. ఫోను చేయడానికి నాకు ముఖం చెల్లలేదు. చెక్కతో మాట్లాడినంత తేలిగ్గా మనిషితో మాట్లాడలేను కాబట్టి చెక్క పట్టుకుని కూర్చున్నాను. 2021లో కరోనా రెండో విడతలో ఆ తమ్ముడి నాన్నగారు ప్రభువు సన్నిధికి వెళ్ళారు. సమాధి కార్యక్రమం నేనే చేశాను. ఆ రోజు అతను నాకు వందనం చెప్పాడు. అంతకుమించి మా మధ్య ఒక్క మాట లేదు.

ఆ రాత్రి ఫోను చేశాను. "అయ్యగారూ, వందనాలండి" అన్నాడు. గొంతులో ఆశ్చర్యం.

"నీ గిటారు నా దగ్గరుంది నాన్నా. వానకు తడిసింది. నిన్ను అడగకుండానే విప్పాను, రంగు కూడా తీసేశాను. అడగాల్సింది."

కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత అన్నాడు: "పర్వాలేదండి. ఆ రంగు నాకూ నచ్చేది కాదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. స్టిక్కర్లు ముందునుంచే ఉన్నాయి. పీకితే రంగు లేచిపోద్ది, ఉండనీరా అన్నారు నాన్న."

పుర్రె బొమ్మల సంగతి కూడా అలా తేలింది. నేనేమీ అనలేకపోయాను. అతనే మళ్ళీ అన్నాడు: "కింద అంచుకి ఒక సొట్ట ఉంటదండి. అదొక్కటీ పూడ్చకండి అయ్యగారూ."

మామిడి తోటల్లో కాయ కోత పనికి వెళ్ళిన డబ్బుతో నాన్నగారు విజయవాడ తీసుకెళ్ళి ఆ గిటారు కొనిచ్చారట. బండి మీద తిరిగి వస్తుంటే జి.కొండూరు దాటాక ఇసుకలో బండి జారింది. వెనక కూర్చున్న కొడుకు చేతిలోంచి గిటారు ఎగిరి రోడ్డు పక్క రాయికి తగిలింది. మోచెయ్యి చీరుకుపోయినా నాన్నగారు ముందు లేచి వెళ్ళింది గిటారు దగ్గరికట. దుమ్ము తుడిచి, "ఏం కాలేదురా, మోగుద్ది" అన్నారట.

"పాడేటప్పుడు నా వేలు అక్కడికే పోద్దండి" అన్నాడు.

నేను ఇప్పటికే పూడ్చేశానని ఒప్పుకున్నాను. ఆ తర్వాత, ఆరేళ్ళ కిందట మైకులో అన్న మాట గురించి, పగిలిన టంకం గురించి, విరిగిన పిన్ను గురించి అన్నీ చెప్పాను. "నువ్వు నిజమే చెప్పావు. నేను వినలేదు. నన్ను క్షమించు" అన్నాను. అతను వెంటనే క్షమించానని అనలేదు. "నాన్న ఆ రోజు ముందు వరుసలో ఉన్నారండి" అన్నాడు. అంతే. ఆ మాటకు జవాబు లేదు. జవాబు చెప్పకూడదు కూడా.

మర్నాడు పని మళ్ళీ మొదటికి వచ్చింది. స్పిరిట్ గుడ్డతో తెల్లబడిన లక్క మొత్తం తుడిచేశాను. సొట్ట మీద గోరువెచ్చని తడి గుడ్డ పెట్టి ఉంచితే చింతగింజల మక్కు మెత్తబడింది. వెదురు పుల్లతో కొద్దికొద్దిగా తీశాను. మూడు సాయంత్రాలు పట్టింది. బజారులో దొరికే గట్టి పుట్టీ పెట్టి ఉంటే ఉలి పెట్టినా వచ్చేది కాదు, చెక్క ఊడేది. ఆ పెద్దాయన ఇచ్చిన మక్కు వల్ల నా తప్పు సరిదిద్దుకునే దారి మిగిలింది. సొట్ట అడుగున ఒక గీత మళ్ళీ కనిపించినప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

రెండు చుట్టల పికప్ పెట్టి రొద పూర్తిగా తీసేద్దామనే ఆలోచన కూడా నాకుండేది. దానికి ఒంటి చెక్కను తొలవాలి. ఈసారి అడిగాను. వద్దన్నాడు. అందుకని లోపలి గుంటలన్నిటికీ రాగి టేపు అంటించి గ్రౌండ్‌కు కలిపాము. కొత్తగా 250 కిలో ఓమ్‌ల నాబ్‌లు, కొత్త జాక్ వేసి, వైర్లన్నిటికీ తాజాగా టంకం పెట్టాము. ట్యూబ్‌లైటు వల్ల వచ్చే గరగర దాదాపు పోయింది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరకు వెళితే కొంచెం గుయ్‌మంటుంది. రాగి టేపు అయస్కాంత రొదను ఆపలేదు. దాన్ని అలాగే భరించాలి.

డిసెంబరులో గాలి పొడిబారాక లక్క మళ్ళీ మొదలుపెట్టాను. రోజుకు మూడు నాలుగు పలుచని పూతలు, మధ్యలో ఆరబెట్టడం. తేనె రంగు వచ్చింది. సొట్టలో కూడా పూత వేశాను. చెక్కకు రక్షణ కావాలి కదా.

అతను క్రిస్మస్ ఆరాధనకు రాలేదు. 26వ తేదీ మధ్యాహ్నం వాళ్ళ అమ్మతో కలిసి మా ఇంటికి వచ్చాడు. గిటారు ఒళ్ళో పెట్టుకుని ముందు చూసింది రంగు కాదు. వేలు నేరుగా కింది అంచుకు వెళ్ళింది. వాళ్ళ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వైరు పెట్టకుండానే నెమ్మదిగా శ్రుతి చేసుకుని ఏదో వాయించాడు. అది పాటో కాదో నేను అడగలేదు. వెళ్ళేటప్పుడు గిటారు తీసుకెళ్ళాడు. "మళ్ళీ వస్తావా నాన్నా?" అన్నాను. "చూద్దామండి" అన్నాడు. ఆ మాటను దానికున్న బరువుతోనే ఉంచుతున్నాను. అంతకన్నా ఎక్కువ చేసి మీకు చెప్పను.

జనవరి మొదటి ఆదివారం మందిరంలో ఉన్నవాళ్ళు ఈ ఒప్పుకోలు విన్నారు. మైకులో చేసిన తప్పుకు వంటింట్లో క్షమాపణ సరిపోదు. అప్పుడు ఉండి ఇప్పుడు దూరంగా ఉన్నవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు భయం లేకపోయింది అతనికి కాదు. నేను పొరపడ్డాను.

ఒక పెద్దాయన నన్ను, "అంటే ఇక గిటారు మంచిదేనంటారా?" అని అడిగారు. మనకు అంత భక్తిగా వినిపించే హార్మోనియం 1842లో పారిస్‌లో పేటెంటు పొందిన విదేశీ వాయిద్యమని, మన సంగీతానికి సరిపడదని ఆలిండియా రేడియో 1940 నుండి మూడు దశాబ్దాలు దాన్ని పక్కన పెట్టిందని ఆయనకు చెప్పాను. వాయిద్యం ఎక్కడిదన్నది నాకు ఇప్పుడు పెద్ద ప్రశ్న కాదు. వాయించేవాడు ఏం చెబుతున్నాడో నేను విన్నానా అన్నది ప్రశ్న.

ఇంగ్లండులో బ్రయన్ మే అనే ప్రసిద్ధ గిటారిస్టు పదహారేళ్ళ వయసులో, 1963లో, తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేయడం మొదలుపెట్టాడు. మెడకు వాడింది పాత పొయ్యి గూటి చెక్క. ఆయన దాన్ని దశాబ్దాల పాటు వాయిస్తూనే ఉన్నాడు. అంత డబ్బు, పేరు వచ్చాక అంతకన్నా ఖరీదైనది కొనలేక కాదు. తండ్రి చెయ్యి పడిన చెక్క మరెక్కడా దొరకదు.

యోహాను సువార్త 20వ అధ్యాయం ఈ వారం మళ్ళీ చదివాను. తిరిగి లేచిన ప్రభువు శరీరం మహిమగల శరీరం. మరణాన్ని జయించిన దేవునికి మేకుల గుర్తులు పూడ్చడం కష్టమా? అయినా ఆయన వాటిని ఉంచుకున్నాడు. తోమాకు చూపించింది వాటినే. ఆ గుర్తులు ఉన్నందువల్లే తన ముందున్నది ఎవరో తోమాకు తెలిసింది. ఎన్నో ఏళ్ళుగా ఈ భాగం ప్రసంగించాను. మక్కు చేత్తో తీసినప్పుడు గానీ నాకు అది అందలేదు.

సంఘంలో మన దగ్గరకు వచ్చే వారిని మనం తొందరగా నున్నగా చేయాలనుకుంటాం. దుఃఖంలో ఉన్నవాళ్ళకు "ఏడవకండి, సాక్ష్యం చెప్పండి" అంటాం. తాగుడు మానినవాడు ఆ రోజుల మాట ఎత్తితే "అవన్నీ ఇప్పుడెందుకు" అంటాం. పైకి మంచిగానే కనిపిస్తుంది. ఆ సొట్ట ఎవరిదో, ఎలా పడిందో అడగకుండా పూడుస్తున్నాం. అడగడానికి ఒక్క ఫోను చాలు.

చివరిగా రెండు విన్నపాలు. మీ ఇంట్లో, మీ గ్రామ మందిరంలో ఆంప్లిఫయరు, మిక్సరు ప్లగ్గులకు మూడో పిన్ను ఉందో లేదో ఈ వారమే చూడండి. ఎవరైనా చురుక్కుమంటోందని చెబితే ఆ పూటే కరెంటు ఆపి మనిషిని పిలవండి. రెండోది, నా మాట వల్ల గాయపడి మందిరానికి దూరమైన వారు ఇంకెవరైనా ఉంటే, దయచేసి నాకు చెప్పండి. ఈసారి చివరిదాకా వింటాను.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక. ఆ తమ్ముణ్ణి, వాళ్ళ అమ్మగారిని, నన్ను ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

మీ సంఘ కాపరి,
మైలవరం